పేరు కోసం 30 ఏళ్ళు ఆగిన జోరీగ

మొదటి రోజు: కాన్‌బెర్రా

మా అబ్బాయి వాళ్ళింటి వంటగది కిటికీలోంచి బ్లాక్ మౌంటెన్ కనిపిస్తుంది. పేరుకు నల్లకొండే గానీ ఒళ్ళంతా యూకలిప్టస్ పచ్చదనం. ఆ కొండ పాదాన, ఇక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ ప్రాంగణంలో ఆస్ట్రేలియా జాతీయ కీటక సేకరణ ఉంది. 1.2 కోట్లకు పైగా పురుగులు సూదులకు గుచ్చుకుని, కింద చీటీలు పెట్టుకుని, సొరుగుల్లో వరసలు తీరి ఉంటాయి. వాటిలో ఒకే ఒక్కదాని కోసం నేను ఈ దేశంలో ఐదు రోజులు తిరిగాను. అది జోరీగ.

"అందరూ సిడ్నీ వెళ్దామంటారు నాన్నా, నువ్వేమో ఈగను పట్టుకున్నావు" అన్నాడు మావాడు కారు ఆపుతూ. వాడికి తెలియంది కాదు. పశువైద్యుడిగా 31 ఏళ్ళు పల్నాడు పల్లెల్లో తిరిగిన వాడికి జోరీగ ఏమవుతుందో వాడు చిన్నప్పటి నుంచీ చూశాడు. మా వైపు వాన వెలిసి రెండు రోజులు ఎండ కాసిందంటే గొడ్లచావిట్లోకి ఇవి దిగుతాయి. బర్రె ఒళ్ళు జలదరిస్తుంది, తోక టపాటపా కొట్టుకుంటుంది, మేత మీద మూతి నిలవదు. చావిడి మూల వేపాకు పొగ వేస్తారు. ఆ పొగ తగ్గగానే మళ్ళీ జుయ్‌మని వచ్చి వాలతాయి. విడవకుండా పోరుపెట్టేవాణ్ణి చెవిలో జోరీగ అనడం మనకు ఊరికే రాలేదు.

కాటు నొప్పి ఒక్కటే అయితే సరే. ఇది సర్రా రోగాన్ని మోస్తుంది. ఒక గొడ్డు రక్తం తాగుతుండగా అది విదిలిస్తే, సగం కడుపుతో లేచి పక్క గొడ్డు మీద వాలుతుంది. మూతికంటిన ఆ తడిలోనే ట్రిపనోసోమా అనే పరాన్నజీవి పక్క ఒంట్లోకి దాటిపోతుంది. గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు 1880లో, అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, గుర్రాల, ఒంటెల రక్తంలో దాన్ని పట్టుకున్నాడు. నా ఉద్యోగం మొదటి ఏడాది ఒక చూడి బర్రె జ్వరంతో ఉందని పిలిస్తే వెళ్ళి మామూలు జ్వరానికి మందిచ్చి వచ్చాను. మూడో రోజు అది గుండ్రంగా తిరుగుతోందని, గోడకు తల ఆనించి నెడుతోందని కబురొచ్చింది. రక్తం చుక్క గాజుపలక మీద పెట్టి చూస్తే చేపపిల్లల్లా గిలగిలలాడుతున్నాయి. అప్పటికే చెయ్యి దాటింది. ఆ రోజు నుంచి జోరీగ అంటే నాకు పగ.

అలాంటి నేను 2012 జనవరిలో ఒక వార్త చదివాను. ఆస్ట్రేలియాలో ఒక కొత్త జోరీగకు గాయని బియాన్సే పేరు పెట్టారని. పేపర్లన్నీ ఆవిడ ఫొటో వేసి నాలుగు ముక్కలు రాసి వదిలేశాయి. ఈగ గురించి పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అసలు సంగతి ఈగ దగ్గరే ఉంది.

1981లో క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఆథర్టన్ పీఠభూమి మీద ఎవరో ఆ ఈగను పట్టారు. సూది గుచ్చారు, చోటు, తేదీ చీటీ మీద రాశారు, సొరుగులో పెట్టారు. పేరు లేదు. 30 ఏళ్ళ తరువాత బ్రయన్ లెసార్డ్ అనే యువ పరిశోధకుడు ఈ కొండ పాదాన కూర్చుని ఆ సొరుగులు ఒక్కొక్కటీ తీసి చూస్తుంటే, దాని పొట్ట చివర దట్టంగా బంగారు రంగు నూగు కనిపించింది. మరో కీటక శాస్త్రవేత్త డేవిడ్ యేట్స్‌తో కలిసి 2011లో దాని వర్ణన ప్రచురించాడు. స్కాప్టియా బియాన్సేయే అని పేరు పెట్టాడు. బంగారు నూగు ఒక కారణం. ఈగ దొరికిన ఏడాదీ గాయని పుట్టిన ఏడాదీ ఒకటే కావడం రెండో కారణం. చివర ఉన్న 'ఏ' లాటిన్ వ్యాకరణం, స్త్రీ పేరు మీద పెట్టినప్పుడు అలా చేరుస్తారు. స్కాప్టియా ప్రజాతిలో ఇది ప్లింథినా అనే ఉపప్రజాతికి చెందింది. తరువాత ఆ ఉపప్రజాతిని ప్రజాతిగా లేపారు కాబట్టి ఇప్పుడు దాన్ని ప్లింథినా బియాన్సేయే అంటున్నారు.

కొత్త జాతిని వర్ణించడమంటే ఏమిటో నాకు తెలిసినంతలో చెప్తాను, ఎందుకంటే పేరు పెట్టడం అందులో చిట్టచివరి పని. ముందు కళ్ళు చూస్తారు. మగ జోరీగకు రెండు కళ్ళూ నెత్తిన కలిసిపోతాయి, ఆడదానికి మధ్యలో సందు ఉంటుంది. ఆ సందు పొడవెంత, వెడల్పెంత, పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుందా, కుంచించుకుపోతుందా అని కొలుస్తారు. మీసాల్లో ఒక్కో కణుపు ఆకారం, మూతి పక్క స్పర్శకాల తీరు, రెక్కలో ఈనెలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి, ఏ పలక మీద ఏ రంగు నూగు, ఎంత దట్టం, ఎంత పలచన, అన్నీ రాస్తారు. దగ్గరి బంధువులన్నిటి పక్కనా పెట్టి ఇది వాటిలో ఏదీ కాదని తేల్చాలి. ఒకే ఒక్క నమూనాను హోలోటైప్‌గా ఎంచుతారు. రేపు ఎవరికి అనుమానం వచ్చినా ఆ ఈగ దగ్గరికే రావాలి. ఇంటి దస్తావేజు లాంటిదన్నమాట. ఆ మీదట ఒక తాళంచెవి పట్టిక రాస్తారు: కళ్ళ మీద నూగు ఉంటే ఈ దారిన పో, లేకుంటే ఆ దారిన పో. రోగాన్ని మేమూ అలాగే పట్టుకుంటాం, అది కాదు, ఇది కాదు అనుకుంటూ చివరికి ఒక్కచోటికి చేరతాం.

ఆ సేకరణ పరిశోధకుల కోసం, టికెట్టు కొని చూసే చోటు కాదు. భవనం బయట కాసేపు నిలబడి, పక్కనే ఉన్న జాతీయ వృక్ష ఉద్యానంలోకి నడిచాం. గ్రెవిల్లియా పొదలు విరగబూసి ఉన్నాయి, మన సిల్వర్ ఓక్ పువ్వుకు చుట్టాలే. మా ఆవిడ ఒక పువ్వును వంచి, "ఏమండీ, తేనె కారుతోంది" అంది. వేలు తడిసింది. ఆ జోరీగ వంశం వాలేది ఈ పువ్వుల మీదే. గ్రెవిల్లియా, టీ ట్రీ, యూకలిప్టస్ తేనె తాగి పుప్పొడి మోస్తాయి. 31 ఏళ్ళ పగలో నేను అడగని ప్రశ్న అది: రక్తం తాగని పూట జోరీగ ఏం చేస్తుంది?

రెండో రోజు: కెయిన్స్

రోజంతా విమానాల్లోనే గడిచింది. కాన్‌బెర్రా నుంచి బ్రిస్బేన్, అక్కడి నుంచి ఆథర్టన్ పీఠభూమికి దగ్గరి పట్నం కెయిన్స్. తలుపు తీయగానే ఉక్కపోత మొహానికి కొట్టింది. కొబ్బరి, మామిడి, ఊరి బయట చెరకు. మా ఆవిడ ముఖం రెండు వారాల తరువాత విప్పారింది, "ఇది మన కోనసీమలా ఉంది" అంది. పడుకునేముందు పెట్టె సర్దుతూ నా ముదురు నీలం ప్యాంటు పైన పెట్టాను. జోరీగలు ముదురు రంగులకు, అందులోనూ నీలానికి, ఇట్టే వస్తాయి. వాటిని తప్పించుకోవాలంటే లేత రంగులు వేసుకోమంటారు ఇక్కడ. నాకు అవి రావాలి.

మూడో రోజు: గోర్డన్‌వేల్ మీదుగా యంగబర్రా

దక్షిణంగా వెళ్తుంటే రెండు పక్కలా చెరకే. కోత కాలం. చిన్న పట్టాల మీద చెరకు పెట్టెల రైలు రోడ్డుకు అడ్డంగా పోతుంటే ఐదు నిమిషాలు ఆగాం. గోర్డన్‌వేల్ ఊళ్ళో టీ తాగాం. 1935లో హవాయి నుంచి తెచ్చిన పెద్ద కప్పలను చెరకు పెంకుపురుగులు తింటాయని విడిచిపెట్టింది ఈ ఊరి చుట్టుపక్కలే. అవి పెంకుపురుగుల జోలికి పెద్దగా పోలేదు. దేశం మీద పడ్డాయి. వాటి విషానికి ఇక్కడి ఉడుములూ, పాములూ, మాంసం తినే చిన్న జంతువులూ ఇప్పటికీ చస్తున్నాయి. ఏ ప్రాణి ఏం తింటుందో, ఎవరికి ఆహారమో తెలుసుకోకుండా చెయ్యి వేస్తే ఏమవుతుందో, జాతుల లెక్క రాయడం వృథా ఖర్చు అనేవాళ్ళను ఈ ఊళ్ళో ఒక పూట నిలబెట్టి చూపించాలనిపించింది.

అక్కడి నుంచి గిల్లీస్ ఘాటు రోడ్డు. 263 మలుపులట. మావాడు నెమ్మదిగానే నడిపాడు, అయినా మా ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. పైకి చేరేసరికి గాలి మారిపోయింది. చల్లదనం, ఎర్రమట్టి, పచ్చిక బయళ్ళు, మధ్య మధ్య నల్లగా మిగిలిన అడవి ముక్కలు. ఇదంతా ఒకప్పటి అగ్నిపర్వతాల నేల.

యంగబర్రా దగ్గర కర్టెన్ ఫిగ్ అని ఒక మహావృక్షం ఉంది. బోర్డు మీద శాస్త్రీయనామం చూసి ఆగిపోయాను: ఫైకస్ వైరెన్స్. అంటే మన జువ్వి! మర్రి, రావి, మేడి, జువ్వి అని వరసగా చెప్పుకునే నాలుగు పాలచెట్లలో ఒకటి. ఇక్కడ ఇది వేరే చెట్టు కొమ్మల మీద మొలిచి, ఊడలతో దాన్ని బిగించి, ఆ చెట్టు పక్కదాని మీదికి ఒరిగిపోతే, ఒరిగిన మాను పొడుగునా ఊడలు దించింది. 15 మీటర్ల తెర. మా ఆవిడ చేతులు జోడించింది. ఆ చుట్టూ ఉన్న అడవిని మాబి అడవి అంటారు. మాబి అంటే చెట్లెక్కే కంగారూకు ఈ నేల ఆదివాసులు పెట్టుకున్న పేరు. తెల్లవాళ్ళ పుస్తకాల్లో అదే జంతువుకు దాన్ని బయటి లోకానికి చూపిన నార్వే మనిషి లుమ్‌హోల్ట్జ్ పేరు ఉంటుంది. మాబి అనే పిలవాలని నాకనిపించింది. ఎవరికి దానితో ఎక్కువ రోజులు సావాసముందో వాళ్ళ మాట ముందు.

సాయంత్రం ఈచమ్ చెరువు. అగ్నిపర్వతం పేలిన గుంటలో నిండిన నీళ్ళు, చుట్టూ అడవి గోడలా. ఈ చెరువుకొక కథ ఉంది. ఇక్కడి ఒక చిన్న రంగురంగుల చేపకు 1982లో శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. కొన్నేళ్ళు తిరక్కుండానే అది చెరువులో కనిపించకుండా పోయింది. వేరే నీళ్ళ చేపలను ఎవరో తెచ్చి ఇందులో వదిలారు, అవి దీన్ని తినేశాయి. తరువాత చుట్టుపక్కల వాగుల్లో అదే జాతి దొరికింది కాబట్టి సరిపోయింది. పేరు పెట్టి ఉండకపోతే వెతికేవాళ్ళే ఉండేవారు కాదు. జోరీగ దొరికింది 1981లో, చేపకు పేరొచ్చింది 1982లో, ఒకే పీఠభూమి మీద.

గట్టున కూర్చున్నాను. పది నిమిషాలకు వచ్చింది. ముందు చప్పుడు, ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు. మోకాలి మీద, నీలం గుడ్డ మీద వాలింది. బూడిద రంగు ఒళ్ళు, వీపు మీద రెండు లేత చారలు, రెక్కలు పెంకుటింటి కప్పులా సగం విచ్చుకుని. కళ్ళ మధ్య సన్నటి సందు. ఆడది. అందుకే నా దగ్గరికొచ్చింది. గుడ్లు పెట్టడానికి రక్తం కావాల్సింది దానికే. మగదానికి రక్తం అక్కర్లేదు, తోలు కోసే కత్తులూ లేవు. ఆడదాని మూతిలో దోమలా సూది కాదు, కత్తెరలాంటి పలకలుంటాయి. తోలు కోసి, ఊరిన రక్తాన్ని స్పాంజిలాంటి పెదవితో అద్దుకుంటుంది. అందుకే అంత మంట. అది ముందరి కాళ్ళతో మొహం తుడుచుకుంది. మూతి దించి గుడ్డ మీద నాలుగు చోట్ల తడిమింది. చెయ్యి దానంతటదే లేవబోయింది, ఆపుకున్నాను. గుడ్డ మందమని తేలాక ఎగిరిపోయింది.

"కొట్టలేదే!" అంది మా ఆవిడ. నిజమే, నా జన్మలో మొదటిసారి.

నాలుగో రోజు: మలాండా

ఈ పీఠభూమి పాడికి పేరు. మలాండా దారిలో ఒక పాడిరైతు దొడ్డి ముందు ఆగి పరిచయం చేసుకున్నాను. పశువైద్యుణ్ణని చెప్పగానే బూట్లిచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. ఫ్రీజియన్ ఆవులు, ఒకటీ రెండూ జెర్సీలు. ఇక్కడ జోరీగను మార్చ్ ఫ్లై అంటారు. మిగతా ప్రపంచంలో ఆ పేరు వేరే ఈగది. తనకు ఎక్కువ బాధ మార్చ్ ఫ్లైతో కాదని, బఫెలో ఫ్లైతోనని చెప్పాడు. దున్నపోతులతో పాటు ఓడలో ఈ దేశానికి వచ్చిన చిన్న ఈగ అది, వందల కొద్దీ ఒకే ఆవు మీద ముసురుతుంది. సర్రా రోగం మాత్రం ఆస్ట్రేలియాలో లేదు. రాకుండా కాపలా కాస్తారు. నేను చూసిన కేసులు చెప్తుంటే ఆయన పాలపైపు చేత్తో పట్టుకుని అలాగే విన్నాడు.

జపాన్‌లో నల్ల ఆవుల మీద తెల్లచారలు గీసి చూశారని, ఆ చారలావుల మీద కుట్టే ఈగలు సగానికి సగం తక్కువగా వాలాయని, 2019లో ఆ ఫలితం అచ్చయిందని చెప్పాను. చారలు కదులుతుంటే ఈగకు దిగే చోటు అంచనా తప్పుతుందంటారు. జీబ్రాకు చారలెందుకన్న పాత ప్రశ్నకు ఇది బలమైన జవాబు. ఆయన తన నలుపూ తెలుపూ మచ్చల ఆవును తట్టి, దీనికి సగం పని దేవుడే చేసిపెట్టాడన్నాడు. మచ్చలకు ఆ గుణం ఉందో లేదో గానీ, ఆ పెద్దమనిషికి తన ఆవు మీదున్న ఆపేక్ష చూసి నాకు మా ఊరి రైతులు గుర్తొచ్చారు.

మధ్యాహ్నం మిల్లా మిల్లా జలపాతం. బాగుంది. జనం ఎక్కువ.

ఐదో రోజు: హెర్బర్టన్ దారి

పొద్దున్నే బయల్దేరాం. హెర్బర్టన్ 1880లో తగరం గనుల కోసం పుట్టిన ఊరు. అక్కడికి వెళ్ళే దారిలో తడి అడవి వెనకబడి, పలచటి యూకలిప్టస్ మొదలవుతుంది. వీధుల్లో జాకరండాలు నేలంతా ఊదారంగు పరిచాయి. ఊరి బయట ఒక వాగు గట్టున బాటిల్ బ్రష్ చెట్టు ఎర్రగా పూసి ఉంది. టీ ట్రీ కుటుంబమే. తేనెటీగల రొద దూరానికే వినిపించింది. మావాణ్ణి, మా ఆవిణ్ణి నీడలో కూర్చోమని చెట్టు కింద నిలబడ్డాను.

గంటన్నర తరువాత, నా కళ్ళ ఎత్తులో ఉన్న ఒక పువ్వు మీద అది వాలింది. ముందు తేనెటీగనుకున్నాను. ఒళ్ళంతా నూగు, అదే బొద్దుతనం. రెక్కలు రెండే అని గమనించాక గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది. తేనెటీగకు నాలుగు. కళ్ళు తల మొత్తం ఆక్రమించి ఉన్నాయి, పైన కలిసిపోయి. మగది. మూతి సన్నగా, ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాన్ని ఎర్రటి కేసరాల మధ్యకు దించి, తల ఆడించకుండా తాగింది. ఒక పువ్వు నుంచి పక్క పువ్వుకు నడిచింది, ఎగరలేదు. నడిచినప్పుడల్లా ఛాతీ మీది నూగు కేసరాలకు రాసుకుని పసుపచ్చటి పొడి అంటుతోంది. మధ్యలో ఆగి వెనక కాళ్ళతో రెక్కలు దువ్వుకుంటే ఆ పొడి ఎండలో రాలడం కనిపించింది. పొట్ట గోధుమరంగు, చివర కొంచెం ఎర్రదనం. బంగారు నూగు కాదు. నేను వెతికొచ్చిన జాతి అది కాదు. దాని చుట్టమో కాదో కంటితో చెప్పడం కుదరని పని. కళ్ళ మీద నూగు, మీసం కణుపులు భూతద్దం కింద చూస్తే తప్ప ఎవరూ చెప్పరు. అనుమతి లేకుండా ఇక్కడ దేన్నీ పట్టకూడదు, పట్టాలనీ అనిపించలేదు.

జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి తెలుగులోనే రాసుకున్నాను. కళ్ళు: కలిసినవి, ముదురు గోధుమ. మూతి: తల ఎత్తుకంటే కొంచెం పొడవు. ఛాతీ: నూగు దట్టం, వెన్ను మీద పలచన. రెక్కలు: లేత పొగరంగు. నడక: తొందర లేదు. ఏడు వరసలు రాసేలోపే అది లేచిపోయింది. 31 ఏళ్ళలో వేల జోరీగలను చంపాను, చంపించాను. ఒక్కదాని గురించి కూడా ఇన్ని వరసలు రాయలేదు.

ఈ వంశానికి చుట్టాలు న్యూజిలాండ్‌లో, దక్షిణ అమెరికాలో ఉన్నారు. ఆ నేలలన్నీ ఒకప్పుడు ఒకే ఖండం, గోండ్వానా. ఆ మాట మన గోండుల నేల నుంచి వచ్చిందే, ఇప్పటికీ ఆదిలాబాద్ అడవుల్లో గోండులున్నారు. ప్రపంచం మొత్తం మీద ఇప్పటిదాకా పేరు పెట్టిన జోరీగలు దాదాపు 4,400 జాతులు. మా శాఖలో మేము మాత్రం అన్నిటినీ జోరీగ అని ఒకే గడిలో రాసేవాళ్ళం. సర్రాను మోసే జాతులేవి, పువ్వుల మీద బతికే పూటలు వేటికెన్ని, ఏది ఏ నెలలో లేస్తుందో విడదీసి రాసిన కాగితం నా బల్ల మీదికి ఎన్నడూ రాలేదు. రానందుకు ఎవరినీ అనను. నేనూ అడగలేదు.

కారెక్కే ముందు ఊరికి ఫోన్ చేశాను. మా పాత ఆసుపత్రిలో నాతో పనిచేసిన గోపాలమిత్ర, అంటే పల్లెల్లో పశువైద్యానికి సాయపడే కార్యకర్త, ఎత్తాడు. అక్కడ ఇంకా పొద్దు పొడవలేదు, బర్రెలకు కుడితి పెడుతున్నాడు.

"చావిట్లో జోరీగలు ఉన్నాయా?"

"లేకేం సార్, మొన్న వానలకు తెగ లేచినై."

"చచ్చినవి ఉంటే పారేయకు. ఒక్కోటి ఒక్కో అగ్గిపెట్టెలో దూదేసి పెట్టు. ఏ తేదీన, ఎవరి చావిట్లో, బర్రె మీదా ఎద్దు మీదా, అది చీటీ మీద రాసి లోపల పెట్టు."

కాసేపు అటువైపు మాట లేదు. బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది.

"పెన్సిల్‌తో రాయమంటారా సార్, పెన్నుతోనా?"

"పెన్సిల్‌తో. చెమ్మకు చెదరదు."

"సరే సార్. మా పెద్ద దూడ మెడ మీద ఇప్పుడే ఒకటి వాలింది. ఉండండి."

ఫోన్ చేతిలోనే పట్టుకుని నడిచిన అడుగుల చప్పుడు, ఆ తరువాత చిన్నగా దెబ్బ వినిపించాయి.

"దొరికింది సార్. కళ్ళు పచ్చగా ఉన్నాయి దీనికి, అడ్డంగా చారలతో."

"రంగు ముందు రాసెయ్, చచ్చాక పోతుంది" అన్నాను.